ఫిరంగుల యోడ, సరకుల యోడ



పాలమూరు, నల్లగొండ సీమల మెట్టభూములలో నివసించు మనకు సముద్రము దూరము. కృష్ణ దాటుట కెక్కు పుట్టియే మన మెఱిగిన యోడ. అది యొక పూట చేపల వలను, వేఱొక పూట మనుష్యులను మోయును. మహానౌకల బ్రదుకును నిట్టిదే యని తెలుపు వృత్తాంత మొకటి మన తెలుగు తీరమున నారంభమైనది.

1804వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన విశాఖపట్టణము నెదుట ఆంగ్లేయుల యుద్ధనౌక సెంచూరియనును, రెండు వర్తకనౌకలును లంగరు వేసియుండెను. అచ్చటి లోపలి రేవు 1933లో గాని తెఱవబడలేదు; కావున నోడలు బయటి కడలిలోనే నిలువవలసియుండెను. ఫ్రెంచి సేనాని లిన్వా మూడు యుద్ధనౌకలతో వచ్చి వానిపై బడెను. సెంచూరియను కప్తాను జేమ్సు లిండు ఆ వేళ ఒడ్డున నుండుటచే, క్రింది యధికారి ఫిలిప్సు పోరు సాగించెను. బార్నబీ యను వర్తకనౌక యొడ్డున బడి పగిలెను. ప్రిన్సెస్ షార్లెటు లొంగిపోయెను. లోతు చాలని నీటికి వెఱచి ఫ్రెంచివారు సెంచూరియనును విడిచి, లొంగిన నౌకను మాత్రము పట్టుకొనిపోయిరి.

ఆ యేటి ఫిబ్రవరిలోనే పులో ఆరా యను దీవి యొద్ద, ఆంగ్లేయ వర్తకనౌకలు యుద్ధనౌకల జెండాలెత్తి బెదరింపగా లిన్వా వెనుదిరిగియుండెను. వర్తకనౌక వీరవేషము వేయగా, యుద్ధనౌక మాత్రము వర్తకమునకు దిగదా?

విశాఖ పోరున నున్న ఫ్రెంచి నౌకలలో సెమియాంత్ అనునది 1791లో నీటికి దిగినది. 1808 మార్చిలో టెర్ప్సికోరి యను ఆంగ్లనౌకతో పోరి మిక్కిలి దెబ్బతినెను. నేటి మారిషసు దీవిలో దానిని సేననుండి తొలగించి యమ్మివేసిరి. 1800లో బంగాళాఖాతమున కెంటు అను కంపెనీ యోడను పట్టిన సుర్కూఫే దానిని కొని, షార్ల్ అని పేరిడి, సరకులు నింపి 1809 ఫిబ్రవరిలో ఫ్రాన్సు చేర్చెను. పరుల సరకు పట్టినవాడు తన సరకు పోవునేమో యని భయపడుచు నడచు దినము వచ్చెను!

సెంచూరియను కెనడాలోని హాలిఫాక్సు రేవున ఆస్పత్రి యోడయై, 1824లో కట్టిన చోటనే మునిగెను. మఱుసటి యేట పైకి దీసి విప్పివేసిరి.

ఇంతకును ఆ ఫిరంగులు మ్రోగిన దెందులకు? సరకుల కొఱకే. తెలుగు తీరపు నేతబట్టలు కంపెనీవారి వర్తకమున ముఖ్యములు. నేసినవారి పేరు మాత్రము ఏ యోడ చరిత్రలోను గానరాదు. పిల్లలకు దేశపటము చూపునపుడు విశాఖపట్టణముపై వ్రేలుంచి, ఓడల పేళ్లతోబాటు ఆ మగ్గములను గూడ తలచి చెప్పుడు.