అరిసెలు – అమ్మ – 1 రోజు

మా చిన్నమ్మాయి ఎం.బి.ఏ. రెండో ఏడాది. ఈ సెమిస్టర్‌లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అని ఒక సబ్జెక్టు ఉంది. పోయిన నెల పెద్దమ్మాయి సీమంతం మా ఇంట్లోనే చేశాం. "అమ్మా, ఈసారి ప్లానింగ్ నాకు వదిలెయ్" అని లాప్‌టాప్ ముందు కూర్చుని 32 పనులతో గాంట్ చార్ట్ తయారు చేసింది. రంగురంగుల గీతలతో చూడముచ్చటగా ఉంది.

అందులో ఒక గీత: "అరిసెలు – అమ్మ – 1 రోజు."

నాకు నవ్వొచ్చింది. బియ్యం ముందురోజే నానెయ్యాలి. తడి ఆరకముందే మర పట్టించాలి. మా వీధిలో పిండిమర ఆదివారం తియ్యరు. పాకంలో పిండి ఒకరు పోస్తుంటే ఇంకొకరు కలపాలి. ఇవేవీ చార్టులో లేవు. మామయ్యగారి పథ్యం వంట, వేళకు మాత్రలు కూడా లేవు. సీమంతం ఉందని అవి ఆగవు కదా!

"ఎవర్నడిగి రాశావే?" అన్నాను.

"ఎవర్నీ అడగలేదమ్మా. క్లాసులో కేస్ స్టడీ ఇస్తారు. పనులు, రోజులు అందులోనే ఉంటాయి. మేం సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తాం, అంతే."

నా అభ్యంతరం ఇక్కడే. తన నోట్సులో మొదటి పాఠం చదివాను. పనిని ముక్కలుగా విడగొట్టాలట, ఆ ముక్కలన్నీ కలిపితే మొత్తం పని నూటికి నూరుపాళ్లూ రావాలట. మంచి మాటే. కానీ పని చేసేవాళ్లని అడక్కుండా నూరుపాళ్లూ వచ్చాయని ఎలా తెలుస్తుంది?

అందుకే, మొదటి రెండు వారాలు పిల్లలకి కంప్యూటర్ ఇవ్వొద్దంటాను. ఇంట్లో జరిగే ఒక శుభకార్యమో, హాస్టల్ మెస్సులో ఒక రోజు వంటో తీసుకుని, చేసేవాళ్ల పక్కన కూర్చుని పనులన్నీ రాసుకు రమ్మనాలి. సాఫ్ట్‌వేర్ వస్తేనే ఉద్యోగాలు అంటారా? అది తర్వాతైనా నేర్చుకోవచ్చు. అడగడం అలవాటు కాకపోతే మాత్రం ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేవి తప్పుడు లెక్కలే.

అలాగని చార్టు దండగ అనను. క్రిటికల్ పాత్ అని ఒకటుంది. 1950ల చివర్లో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీ కర్మాగారాల పనుల కోసం తయారైన పద్ధతి. ఒకదాని తర్వాత ఒకటి చెయ్యాల్సిన పనుల్లో అన్నిటికంటే పొడవైన వరుస అది. అందులో ఏ ఒక్కటి ఆలస్యమైనా మొత్తం ఆలస్యమవుతుంది. మా ఇంట్లో ఆ వరుస చీర కొనడం, ఫాల్ వేయించడం, జాకెట్టు కుట్టించడం. పూలు ముందురోజు సాయంత్రం తెచ్చినా చాలు. నేనేమో ఎప్పుడూ పూల గురించే కంగారుపడేదాన్ని!

ఇద్దరం కూర్చుని మళ్లీ రాస్తే 32 పనులు 57 అయ్యాయి. గురువారం పొద్దున ఒకే సమయానికి నాలుగు గీతల మీద నా పేరే ఉంది. అది మావారికి చూపించాను. పాతికేళ్లుగా "ఒక్కదాన్నే చేసుకోలేకపోతున్నానండీ" అంటే "అందరూ చేసుకోవట్లేదా" అనేవారు. ఈసారి ఏమీ అనలేదు. పిండిమర, మామయ్యగారి మాత్రలు తన పేరు మీద రాయించుకున్నారు.

రేపు ఈ పిల్లలే మేనేజర్లవుతారు. వాళ్ల చార్టుల్లోనూ ఎవరిదో పేరు, పక్కన "1 రోజు" అని ఉంటుంది. ఆ అంకె వేసేముందు ఆ మనిషిని ఒక్కసారి అడగమని నేర్పితే చాలు.

మీ ఇంట్లో ఈసారి ఏదైనా కార్యం వస్తే, మీరూ ఒక కాగితం మీద అన్ని పనులూ రాసి చూడండి. మీ పేరు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి.