పేరు ఒకరిది, చేయి ఇంకొకరిది



పౌలు పేరుతో వేరొకరు పత్రిక వ్రాసే అపాయము ఆ దినములలోనే ఉండెను (2 థెస్స. 2:2). అందుకే తన చేతితో వందనము వ్రాసి, అదే గురుతు అని తెలియజేశాడు (3:17).

నేడు పాస్టరుగారి ఫొటో, పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో దొంగ ఖాతా తెరుస్తున్నారు. "ఆసుపత్రిలో ఉన్నాను, వెంటనే డబ్బు పంపండి" అని విశ్వాసులను అడుగుతున్నారు. పంపకముందే, మీకు ముందునుండి తెలిసిన నంబరుకు ఫోన్ చేసి అడగండి. ఆ ఖాతా పేజీలో మూడు చుక్కలు నొక్కి రిపోర్టు చేయండి. ఆరాధనలో అందరికీ ప్రకటించండి.

ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. వాట్సాప్‌కు ఆరంకెల పిన్ పెట్టుకోండి. సొమ్ము పోతే సిగ్గుపడి దాచక, వెంటనే 1930కి ఫోన్ చేయండి. మోసపోవుట పాపము కాదు.

కనికరము మానవద్దు, విచారించి కనికరించండి.