గ్రూపులో పెట్టాం కదా!

ఈ మధ్య మా చుట్టాలిళ్ళల్లో ఈ మాట బాగా అలవాటైపోయింది. "అయ్యో, మాకు చెప్పలేదేంటి?" అని అడిగితే చాలు, "గ్రూపులో పెట్టాం కదా, చూళ్ళేదా?" అంటారు. పెట్టేశారు కాబట్టి వాళ్ళ బాధ్యత తీరిపోయింది. చూడకపోతే ఆ తప్పు మనది. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

పోయినేడు మా అత్తయ్యగారి చిన్ననాటి స్నేహితురాలు పోయారు. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు, ఒకే ఏడు పెళ్ళిళ్ళయ్యాయి. వాళ్ళబ్బాయి పాపం దండేసిన ఫోటో, కర్మ తేదీ అన్నీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. మా అత్తయ్యగారి దగ్గరుంది బటన్ల ఫోను. దాన్లో స్టేటస్ ఎక్కడుంటుంది? మా ఇంట్లో వాట్సాప్ ఉన్నవాళ్ళం కూడా ఆ రోజు చూళ్ళేదు, ఇరవై నాలుగు గంటలు దాటాక అది మాయమైపోయింది. మూడో రోజు పాలు పోసే అమ్మాయి చెప్తే తెలిసింది. ఊళ్ళ మధ్య దూరం పది కిలోమీటర్లు. ఆటో ఎక్కితే అరగంట. ఆవిడకి కడచూపు దక్కలేదు. కబురు తెలిసిన దగ్గర్నుంచీ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ అబ్బాయిని నేను తిట్టను, దుఃఖంలో ఉన్నాడు. కానీ ఆ ఇంట్లో ఫోన్ చేయగలిగిన మనుషులు ఇంకా నలుగురున్నారు కదా!

మా ఊరు పర్చూరు వైపు. 2022లో మమ్మల్ని బాపట్ల జిల్లాలో కలిపారు గానీ, నోరు తిరగక ఇప్పటికీ ప్రకాశం అనే చెప్తుంటాం. మా చిన్నప్పుడు ఊళ్ళో ఏ కబురైనా దండోరా వేసి చెప్పేవాళ్ళు. డప్పు కొట్టే ఆయన పెద్ద బజారులో కొట్టి వెళ్ళిపోయేవాడు కాదు. ప్రతి వీధి మలుపులోనూ, మాలపల్లెలోనూ, చెరువు కట్ట దగ్గరా ఆగి చాటేవాడు. మనుషులు ఎక్కడుంటే కబురు అక్కడికి నడిచి వెళ్ళేది. ఇప్పుడు కబురు ఒకచోట కూర్చుంటుంది, మనుషులే వెతుక్కుంటూ వెళ్ళాలి.

మా ఇంటి సంగతే చూడండి. మా అబ్బాయి హాస్టల్లో ఉంటాడు. కుటుంబం గ్రూపుని ఎప్పుడో మ్యూట్ చేసేశాడు. వాడికి ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ పెడితే నిమిషంలో బదులొస్తుంది. ఒంగోల్లో ఉన్న మా మేనత్తకి స్మార్ట్ ఫోను ఉంది గానీ చదవడం కష్టం, ఆవిడకి వాయిస్ మెసేజ్ పంపాలి. డల్లాస్‌లో ఉన్న మా మరిదికి మనం పడుకునే వేళ తెల్లవారుతుంది, కాబట్టి రాసి పెడితే తన వీలునిబట్టి చూసుకుంటాడు. అత్తయ్యగారికి ఫోనే చేయాలి, అదీ సీరియల్ అయ్యాక. ఇంతమందికి ఇన్ని రకాలుగా ఎవరు చెప్తారంటారా? మన ఇళ్ళల్లో ఆ పని ఆడవాళ్ళమే కదా ఎప్పట్నుంచో చేస్తోంది, ఎవరూ దాన్ని పని అనకపోయినా!

ఇది పెళ్ళిళ్ళు, కర్మల దగ్గరే ఆగితే పోనీలే అనుకోవచ్చు. పొలంలో ఇదే అలవాటు ఆరోగ్యం మీదికొస్తోంది. 2021లో మిరపని నల్ల తామర పురుగు తినేసింది గుర్తుందా? పూతలో చేరి పూతంతా రాల్చేసింది. గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారం శాస్త్రవేత్తలు నీలిరంగు జిగురు అట్టలు పెట్టమన్నారు, ఇష్టమొచ్చినట్టు మందులు కలిపి కొట్టొద్దన్నారు. ఆ సలహాలు పేపర్లో వచ్చాయి, మా వారి ఫోన్లోకి పీడీఎఫ్‌లుగా కూడా వచ్చాయి. మరి మిరప చేలో వంగి, పూత మొహంలో మొహం పెట్టి పనిచేసేది ఎవరు? కలుపు తీసేదీ, కాయ కోసేదీ ఆడకూలీలు. పురుగుని ముందు చూసేది వాళ్ళే. మా వారు ఉన్న రైతుల గ్రూపుల్లో నాకు తెలిసి ఒక్క కూలీ కూడా లేదు, ఆ మాటకొస్తే నాలాంటి రైతు భార్య కూడా లేదు.

ఇంకో సంగతి. ఏ చేలో నిన్న మందు కొట్టారో, అక్కడ కోతకి ఎప్పుడు దిగొచ్చో ఆ చెట్ల మధ్య నిలబడే మనిషికి తెలియాలా వద్దా? కోతల రోజుల్లో కర్నూలు వైపు నుంచి కూడా కుటుంబాలకి కుటుంబాలే వలస వస్తాయి, చంటిపిల్లల్ని గట్టు మీద పడుకోబెట్టి కాయ కోస్తారు. మందు డబ్బా ఫోటో తీసి గ్రూపులో పెడితే వాళ్ళకి ఏం ఉపయోగం? మా ఊళ్ళో పని జరిగేది ముఠా మేస్త్రమ్మ ద్వారా. ముందు రోజు రాత్రి ఆవిడకొక ఫోన్ కొట్టి "రేపు పడమటి చేలోకి వద్దు, మందు కొట్టాం" అంటే ఇరవై మందికి చేరుతుంది. అర నిమిషం పని. నేను మా వారి చేత ఆ ఫోన్ చేయిస్తాను, ఆయన మర్చిపోతే నేనే చేస్తాను. దీన్ని మించిన సోషల్ మీడియా మా చేలకి ఇంకా రాలేదని నా అభిప్రాయం.

అలాగని కొత్తవన్నీ దండగ అనను. మన గుంటూరు జిల్లా గుడివాడ గ్రామం మస్తానమ్మగారిని తలుచుకోండి. 2016లో ఆవిడ మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి ఆవిడ వంటని యూట్యూబ్‌లో పెట్టారు, కంట్రీ ఫుడ్స్ అని. పుచ్చకాయలో కోడికూర వండిన వీడియో ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో ఆవిడ పోయేనాటికి ఆ ఛానల్‌కి పన్నెండు లక్షల మందికి పైగా చందాదారులు. ఆ పిల్లలు ఎంచుకున్న చోటు సరైంది. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే చూడ్డానికి తెలుగు రావక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. అవే వంటలు రాసి ఫేస్‌బుక్‌లో పెట్టుంటే మన తెలుగు వాళ్ళు నలుగురు లైకు కొట్టి ఊరుకునేవాళ్ళు.

ప్రభుత్వం కూడా 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో సేవల్ని వాట్సాప్‌లోకి తెచ్చింది. నాకు బాగానే నచ్చింది, ఆఫీసు చుట్టూ తిరిగే పని తగ్గుతుంది. కాకపోతే వాట్సాప్ లేని ముసలమ్మ ఆఫీసుకొస్తే "అన్నీ ఫోన్లోనే ఉన్నాయిగా" అని ఎవరూ తిప్పి పంపకూడదు.

ఇక కారాలు, పచ్చళ్ళు అమ్ముకునే అక్కచెల్లెళ్ళకి ఒక్క మాట. అందరూ రీల్స్ చేయమంటున్నారని రీల్స్ చేస్తున్నారు. ఎక్కడో ఢిల్లీ వాళ్ళు ఎర్రగా ఉందని గుండె బొమ్మ పెడతారు, కేజీ కారం మాత్రం కొనరు. మీ దగ్గర నిజంగా కొనేది హైదరాబాద్‌లో ఉన్న మీ ఊరి ఆడపిల్లలు, వాళ్ళ పక్కింటి వాళ్ళు. వాళ్ళకి బ్రాడ్‌కాస్ట్ లిస్టు చాలు. అయితే వాళ్ళ ఫోన్లో మీ నంబరు సేవ్ అయి ఉంటేనే ఆ మెసేజ్ వాళ్ళకి చేరుతుంది, చాలామందికి ఈ సంగతి తెలియక "పంపాను, ఎవరూ పలకలేదు" అని బాధపడుతుంటారు. ముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నంబరు సేవ్ చేసుకోమని అడగండి. కొత్త కాయ కల్లాల్లోకి రాకముందే ఆ పని చేసుకోండి. ఏడాదికి సరిపడా కారం అందరూ కొట్టించుకునేది ఎండలు ముదిరినప్పుడేగా, అప్పుడు మీకు తీరికుండదు.