నీళ్లు లేని దప్పళం... బౌల్‌లో!

రంగురంగుల ‘రోస్టెడ్ వెజ్ బౌల్’ రీల్ కనబడగానే సేవ్ కొట్టేస్తాం. ఆ తర్వాత బ్రొకోలీ, మేపుల్ సిరప్, శ్రిరాచా అన్న లిస్టు చూసి అక్కడితో ఆపేస్తాం. నిజానికి అవేవీ అక్కర్లేదు. కూరగాయలకు తీపి, కారం, పులుపు కలపడం మనకు కొత్తేం కాదు కదా! గుమ్మడికాయ, చిలగడదుంప వేసి, చింతపండు, బెల్లం, కారం తగిలిస్తే దప్పళం. అందులో నీళ్లు తీసేసి ముక్కల్ని కాల్చారనుకోండి, అదే ఈ వారం మన బౌల్.

దీనికి కారణం మా తమ్ముడు. కోచింగ్ కోసం అమీర్‌పేటలో రూమ్ తీసుకున్నాడు. పొద్దున టిఫిన్ సెంటర్, రాత్రి ఫ్రైడ్ రైస్. “అక్కా, సరిగ్గా కూరగాయలు తిని నెలయింది” అన్నాడు మొన్న ఫోన్లో. వాడి దగ్గరున్నవి స్టవ్వు, రైస్ కుక్కర్, ఒక ఇనుప మూకుడు. అందుకే ఓవెన్ లేకుండా అయ్యేలా చెబుతున్నా.

ఇద్దరికి కావలసినవి

చిలగడదుంప 1, క్యారెట్ 1, ఉల్లిపాయ 1, తియ్యగుమ్మడి ముక్కలు ఒక కప్పు, కాలీఫ్లవర్ రెమ్మలు ఒక కప్పు, వేరుశనగ గుళ్లు గుప్పెడు, నూనె 2 టేబుల్ స్పూన్లు, పసుపు, ఉప్పు.

సాస్‌కి: చిక్కటి చింతపండు గుజ్జు 1 టేబుల్ స్పూన్, బెల్లం తురుము ఒకటిన్నర టేబుల్ స్పూన్, కారం 1 టీ స్పూన్, దంచిన వెల్లుల్లి 3 రెబ్బలు.

ఇలా చేయండి

కడిగిన కూరగాయల్ని గుడ్డతో బాగా తుడవండి. అసలు కిటుకు ఇదే. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ముక్క మీద తడి ఉన్నంతసేపూ అది ఉడుకుతుందే తప్ప కాలదు. ఎర్రగా రావాలంటే వేడి సుమారు 140 డిగ్రీలు దాటాలి.

అంగుళం ముక్కలు కోసుకోండి. గుమ్మడి త్వరగా మెత్తబడుతుంది కాబట్టి దాన్ని ఇంకాస్త పెద్దగా కోయండి. ముందు గుళ్లు వేయించి తీసేయండి. నూనె వేడెక్కాక దుంప, క్యారెట్ వేసి 5 నిమిషాలు మూత పెట్టండి. మూత తీసి మిగతావి, పసుపు, ఉప్పు వేయండి. ముక్కలు ఒకదానిమీద ఒకటి పడితే ఆవిరికి చెమ్మగిల్లుతాయి. మూకుడు చిన్నదైతే రెండు వాయిలుగా చేసుకోండి. ఊరికే కలబెట్టొద్దు. రెండు మూడు నిమిషాలకోసారి తిప్పితే చాలు.

ముక్కలు తీసి, అదే మూకుట్లో సన్నమంట మీద సాస్‌వి అన్నీ, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నీళ్లు వేయండి. బుడగలొచ్చి చిక్కబడగానే ముక్కలు కలిపి ఒక్క నిమిషంలో దించేయండి. బెల్లం చివర్లోనే వేయాలి. ముందే వేస్తే ముక్క వేగేలోపు అది మాడి చేదెక్కుతుంది. దించగానే గిన్నెలోకి మార్చేయండి. ఇనుములో వదిలేస్తే చింతపండు పులుపుకి నల్లబడుతుంది.

వేడి అన్నం మీదో, కొర్రన్నం మీదో ముక్కలు పరిచి, గుళ్లు, కొత్తిమీర చల్లండి. పక్కన గడ్డపెరుగు ఉంటే ఇంకేం కావాలి!

ఓవెన్ ఉన్నవాళ్లు సాస్ కలపకుండా ముక్కల్ని 200 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు కాల్చి, మధ్యలో ఒకసారి తిప్పండి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు చపాతీలో చుట్టుకోండి. క్యారేజీ రెడీ.