మూలన పడేసే ముందు ఒక్క ప్రశ్న

మీ పాఠశాల కంప్యూటర్ గదిలో ఒక మూలగా దుమ్ము కొట్టుకుపోయిన పాత కంప్యూటర్లు వున్నాయేమో చూడండి. "అవి పనికిరావు, కొత్తవి కొనాలి" అని పెద్దలు అంటూ వుంటారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు సరిపోని యంత్రాలు ఇంకెన్నో ఇలాగే మూలకు చేరతాయి. 2022 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగయిందని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతున్నది. అందులో నాలుగో వంతు కూడా సరైన పద్ధతిలో సేకరించి తిరిగి వాడినట్లు లెక్కల్లో లేదు.

పాత కంప్యూటర్ని పారేయడానికి ముందు దాన్ని నెట్‌వర్క్ నుండి నడిపి చూడాలని, ఆ పని విద్యార్థుల చేతనే చేయించాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

డిస్కు లేని కంప్యూటర్

హార్డ్ డిస్కు చెడిపోయినా కంప్యూటర్ నడుస్తుందంటే నమ్ముతారా? నడుస్తుంది! గదిలో ఒక మంచి కంప్యూటర్ని సర్వర్‌గా పెట్టి, మిగతావాటిని తీగలతో దానికి కలిపితే చాలు. ఇలా సర్వర్ మీద ఆధారపడి నడిచేవాటిని థిన్ క్లయింట్లు అంటారు. 1999లో మొదలైన లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు ఈ పనికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగా ఇస్తున్నది.

మీట నొక్కగానే పాత కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు నిద్ర లేస్తుంది. దాని చిప్పులో పీఎక్స్ఈ అనే చిన్న ప్రోగ్రాం వుంటుంది. అది "నాకు చిరునామా ఎవరిస్తారు?" అని నెట్‌వర్క్‌లో కేక వేస్తుంది. సర్వర్ పలికి, చిరునామాతో పాటు ఏ ఫైలు తీసుకోవాలో కూడా చెబుతుంది. అప్పుడు కార్డు లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌ని, దానితో పాటు ఇనిట్రామ్ఎఫ్ఎస్ అనే ఒక చిన్న మూటని దింపుకుంటుంది. ఇక కెర్నెల్ పెత్తనం తీసుకుని, మిగతా వ్యవస్థ కోసం మళ్లీ సర్వర్‌ని అడగాలి.

పడవవాడు వెళ్లిపోయాడు

సరిగ్గా ఇక్కడే చాలా యంత్రాలు ఆగిపోతాయి. తెర మీద నాలుగు అక్షరాలు పడి, "నెట్‌వర్క్ కార్డు లేదు" అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తుంది. చూసినవారు "కార్డు పోయింది" అని తేల్చేస్తారు.

కాస్త ఆలోచించండి. కార్డు పోయి వుంటే కెర్నెల్ ఇంతదాకా ఏ దారిన వచ్చింది? ఆ కార్డు గుండానే కదా!

అసలు సంగతి ఇది. కెర్నెల్‌ని తెచ్చింది పీఎక్స్ఈ. ఏరు దాటించిన పడవవాడిలా దాని పని అంతటితో అయిపోయింది. ఇప్పుడు కార్డుతో మాట్లాడడానికి కెర్నెల్‌కు సొంత దుబాసీ కావాలి. ఆ దుబాసీ పేరే డ్రైవర్. అది సర్వర్‌లో భద్రంగా వున్నది. కాని సర్వర్ దాకా పోవాలంటే ముందు డ్రైవరే కావాలి! తాళంచెవిని పెట్టెలో పెట్టి తాళం వేసినట్లయింది.

దీనికి మందు ఒకటే. డ్రైవర్ని ముందే ఆ చిన్న మూటలో కట్టి పంపాలి. మూటని సర్వర్ మీద తయారు చేస్తారు. పరిమాణం తగ్గించాలని సర్వర్ కార్డుకు కావలసిన డ్రైవర్ని మాత్రమే అందులో పెడితే, వేరే రకం కార్డున్న పాత యంత్రానికి అది అక్కరకు రాదు.

మరి ఏ డ్రైవర్ కావాలో తెలిసేదెలా? ప్రతి కార్డులోనూ తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య అని రెండు వుంటాయి. ఇంటెల్ తయారీదారు సంఖ్య 8086. ఆ కంపెనీ 1978లో విడుదల చేసిన ప్రసిద్ధ ప్రాసెసర్ పేరు కూడా అదే! పాత యంత్రాల్లో తరచు కనిపించే ఒక రియల్‌టెక్ కార్డు పరికరం సంఖ్య 8139. దానికి లినక్స్‌లో వున్న డ్రైవర్ పేరు '8139టూ'. పెన్‌డ్రైవ్ నుండి లినక్స్‌ని నడిపి, 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్' అనే ఆజ్ఞ ఇస్తే ఈ సంఖ్యలు తెర మీదకు వస్తాయి. తగిన డ్రైవర్ పేరు జాబితాలో రాసి, మూటని మళ్లీ కట్టాలి. అంతే!

"సర్వర్ ఆగితే గది మొత్తం ఆగిపోదా?" అని మీరు అడగవచ్చు. ఆగిపోతుంది, నిజమే. అయితే ఇరవై యంత్రాల్లో ఇరవై రోగాలు వెతకడం కంటే ఒక్క సర్వర్‌ని కనిపెట్టుకుని వుండడం తేలిక. కొత్త సాఫ్ట్‌వేర్ కూడా ఒక్కచోట ఎక్కిస్తే అందరికీ అందుతుంది. ఇక విద్యుత్తు మరీ ఎక్కువగా తాగే యంత్రాన్ని, నిజంగానే కాలిపోయిన యంత్రాన్ని వదిలేయవలసిందే. పాతదల్లా బంగారమని నేను అనను.

ఒక హెచ్చరిక. ఈ ప్రయోగం ఉపాధ్యాయుల అనుమతితో, విడిగా ఒక స్విచ్చి పెట్టుకుని చేయండి. ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు చిరునామాలు పంచితే పాఠశాల అంతా గందరగోళమవుతుంది.

కంప్యూటర్ పాఠమంటే బొమ్మలు గీయడం, ఉత్తరాలు టైపు చేయడం మాత్రమేనా? ఆగిపోయిన యంత్రం ఎంతదాకా వచ్చి ఆగిందో, తరువాతి అడుగుకు ఏం కావాలో అడగడం నేర్పాలి. వైద్యుడు రోగిని పరీక్షించేది ఇలాగే. శాస్త్రజ్ఞుడు పనిచేసేదీ ఇలాగే. ఈసారి ఎవరైనా "ఈ కంప్యూటర్ పోయింది" అంటే వెంటనే తల వూపకండి. "పోయింది కంప్యూటరా, డ్రైవరా?" అని అడగండి.