గన్ పట్టే ముందు కాళ్ళు చూసుకుందాం

అన్నలూ తమ్ముళ్ళూ, ఒలింపిక్స్‌లో షూటింగ్ వాళ్ళు నిలబడే తీరు చూశారా? 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కి కంచు పతకం వచ్చిన ఎయిర్ రైఫిల్‌కి పక్కకి తిరిగి, మోచేయి నడుముకి ఆనించి నిలబడతారు. పిస్టల్ అయితే ఒంటిచేత్తోనే. షాట్‌గన్ వెనక్కి గట్టిగా తన్నుద్ది, అందుకే ముందుకాలి మీద బరువేస్తారు. తుపాకీని బట్టి నిలబడటం మారుద్ది.

మరి సైట్లో మనం మేకులు కొట్టే కాట్రిడ్జ్ గన్? అదీ మందుతో పేలేదే. దాన్ని మాత్రం నిచ్చెన మీద వేలాడుతూ ఒంటిచేత్తో కొడుతున్నాం. పైనుంచి తొందర తప్ప నేర్పేవాళ్ళు లేరు. దీనికి మనం ఒప్పుకోకూడదు. సీలింగ్ పనైతే స్కాఫోల్డింగ్ కావాలని ముందు మన సూపర్‌వైజర్లమే అడగాలి. కాళ్ళు ఎడంగా పెట్టి, గన్ 90 డిగ్రీల్లో ఆనించి, రెండు చేతులతో నొక్కాలి. వంకరగా పెడితే మేకు ఎటు పోద్దో తెలీదు. పేలకపోతే వెంటనే తీసి చూడొద్దు (అందరూ చేసేది అదే!), కనీసం 30 సెకన్లు అలాగే నొక్కి ఉంచాలి. జిప్సం బోర్డు గోడకైతే అసలు కొట్టొద్దు, మేకు దూసుకుపోయి అవతల మనిషికి తగులుద్ది. రేపు పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్‌లో ఒక ఐదు నిమిషాలు దీనికే అడుగుదాం.