కావలి రుసుము కట్టిన రైతు

ఆయుధం పట్టినవాళ్లు ఊరిని చేతిలోకి తీసుకోగానే మొదలయ్యేది పన్ను, ఆ వెంటనే పంచాయితీ. పలమనేరు, పుంగనూరు వైపు ఇది పాత సంగతే. విజయనగరం పతనమయ్యాక పాలెగాళ్లు కొండలు, అడవుల అండ చూసుకుని, సొంత బంట్లతో పాళేలను ఏలారు. రైతు దగ్గర కావలి రుసుము తీసుకునేవారు. అందుకు బదులుగా ఊళ్లో దొంగతనం జరిగితే సొత్తు వెతికివ్వాలి, దొరక్కపోతే నష్టం కట్టివ్వాలి. ఆ కట్టుబాటు నిలిచినన్నాళ్లు అది పాలనే. అది తప్పినచోట రుసుము కట్టని ఊరి పశువులను తోలుకుపోయింది ఆ కావలివాళ్లే. 1804లో చిత్తూరు పాలెగాళ్లు తిరగబడితే ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని దించి అణిచేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలోనూ ఊళ్లు ఆయుధం పట్టినవాళ్ల చేతికి వచ్చాయి. అక్కడ గ్రామ కమిటీలు దాదాపు 3,000 ఊళ్లను నడిపాయని, 10 లక్షల ఎకరాలు పంచాయని కమ్యూనిస్టుల లెక్క. వెట్టి ఆగింది, దొర గడీలో తేలాల్సిన తగాదా ఊరి నడుమనే తెగింది. అందుకే పేదలు పోరాట దళాలకు అన్నం పెట్టి, ప్రాణాలకు తెగించి దాచారు. 2014లో ఇరాక్‌లోని మోసుల్‌ను పట్టుకుని ఏలిన ఇస్లామిక్ స్టేట్ కూడా చెత్త ఎత్తించింది, జనన ధ్రువపత్రాలిచ్చింది. ఎదురు మాట్లాడినవాణ్ని మాత్రం బతకనివ్వలేదు. వీధి ఊడ్చినంత మాత్రాన అది న్యాయమైన ఏలుబడి కాదు. పన్ను కట్టినవాడు లెక్క అడిగి క్షేమంగా ఇంటికి చేరాడా అన్నదే చూడాలి. మదనపల్లె, కుప్పం బడుల్లో పాలెగాళ్ల చరిత్ర చెప్పే పంతుళ్లు కోటలు, కత్తుల దగ్గరే ఆగకుండా ఆ రుసుము కట్టిన రైతు గురించి కూడా పిల్లలకు చెప్పాలి.